కొసరు

పోర్టు కాటా దగ్గర నాది రాత్రి డ్యూటీ.
ముందు ఖాళీ లారీ ఎక్కుతుంది, తర్వాత బొగ్గుతో.
రెండో అంకెలోంచి మొదటిది తీసేస్తే
మిగిలిందే సరుకు.
పద్నాలుగేళ్లుగా నాకు తెలిసిన న్యాయం
ఈ ఒక్క తీసివేత.

లారీకీ లారీకీ మధ్య
నుసి పట్టిన లాప్‌టాప్‌లో ఒక రాజ్యం నడుపుతాను.
రెండు వేల నాలుగు వందల తొంభైతొమ్మిదికి కొన్న రాజ్యం.
పంటలెండితే పన్ను మాఫీ చేస్తాను,
పక్క రాజుతో సంధి రాసుకుని
తెల్లారేలోగా మాట తప్పుతాను.

మొన్న తీరం వెంబడి పైకి ఓడ పంపాను.
గోదావరి మొగ దాటగానే
సముద్రం బూడిద రంగైపోయింది,
దాని మీద చిన్న తాళం బొమ్మ.
నొక్కితే చెప్పింది:
తూర్పు తీరం ప్యాక్, కొత్త రేవులు,
మూడు రకాల ఓడలు, తుఫాను రుతువు,
ఎనిమిది వందల తొంభైతొమ్మిది.

తలెత్తి చూశాను.
డాల్ఫిన్స్ నోస్ మీద దీపం
ఎప్పట్లాగే తిరుగుతోంది.
ఊరు ఊళ్లోనే ఉంది.
తుఫానంటారా,
హుద్‌హుద్ నాడు మా రేకులు ఎగిరిపోయినప్పుడే
దాని ఖరీదు కట్టేశాం.

ఆదివారం ఆటలో సీతమ్మధార గుంటడు తనూజ్
నా రేవుని మధ్యాహ్నంలోపే ముట్టడించాడు.
వాడి ఓడలకి నాకు లేని గాలి వీస్తోంది.
ఎలారా అంటే, ప్యాక్ కొన్నాను అంకుల్, అన్నాడు.
ఎత్తుకి పై ఎత్తు ఉంటుందని తెలుసు,
ఎత్తుకి రసీదు ఉంటుందని తెలీదు.

డ్యూటీ దిగి ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లాను.
నూకరత్నం కిలో కానాగంతలు తూచి,
ముల్లు నిలబడ్డాక
గుప్పెడు నెత్తళ్లు పైన పడేసింది.
ఆ గుప్పెడు చూసి, ఉండబట్టలేక
ఆట సంగతంతా చెప్పాను.
"కొసరుకి కూడా రేటేటి బాబూ!" అని నవ్వింది.
సంచీ చేతికిచ్చి, కాస్త ఆగి,
"ఒకటి సూసుకో మరి.
ఆ సేప తలకాయే కోసి ఏరేగా అమ్ముతన్నాడా,
మళ్లీ ఏటకెళ్లి కొత్త సేప తెచ్చాడా?
ఏటకెళ్తే డబ్బులడగడా ఏటి?"

ఆ ప్రశ్న చేపల వాసనలా
వేళ్లకి పట్టుకుని వదల్లేదు.

రుషికొండ మీద ఇలాంటి ఆటలకే బొమ్మలు గీస్తుంది
మా పిన్ని కూతురు బెహరా ఝాన్సీ.
"ఆ మూడో ఓడ తెరచాప నాదే," అంది ఫోన్లో.
"పదకొండు రాత్రులు.
గాలికి బట్ట ఎక్కడ ముడత పడుతుందో తెలీక
జాలరిపేటలో ఆరేసిన చీరల్ని ఫోటోలు తీశాను.
తెరచాపకింత అని ఇచ్చారు.
లక్షమంది కొన్నా అంతే."
ఆట అమ్మకానికి రాకముందు గీశావా, తర్వాతా?
కొంచెంసేపు ఫ్యాన్ చప్పుడు వినిపించింది.
"చెప్పనని సంతకం పెట్టాను అన్నయ్యా."

కాటా చీటీ వెనక లెక్కేశాను.
అసలు, దాని మీద పదకొండు ప్యాకులు.
పది వేలకి నూట మూడు తక్కువ.
నిండు బండి బరువు ఇది, సరే.
ఖాళీ బండి బరువు చెప్పేవాడేడీ?

దీపావళికి నలభై శాతం తగ్గించారు.
ఆగినవాడికి ఐదు వందల ముప్పైతొమ్మిది,
మోజుపడి ముందే కొన్న తనూజ్‌కి మొత్తం.
అదీ ఏం న్యాయమో.
కొన్నాను. ఒప్పుకుంటున్నాను.

బూడిద విచ్చుకుంది.
మా ఊరి పేరు తప్పు రాశారు,
కొండ ఉండాల్సిన చోట ఉప్పు మడి పెట్టారు.
యుద్ధం పక్కన పెట్టి
మూడో ఓడని దగ్గరికి లాగి చూశాను.
తెరచాప అంచున, కుడివైపు,
ఉతికి ఉతికి వెలిసిన
సన్న జరీ గీత.
దాన్ని ఎవరూ అడిగి ఉండరు.

బయట లారీ హారన్ కొట్టింది.
ఖాళీదో నిండుదో
చప్పుడు వింటే నాకు తెలిసిపోతుంది.